పెద్దవాళ్లు పోయాక ఊళ్లో ఇల్లు ఖాళీ చేయడం ఎలా: కాగితాల నుంచి అటక మీది గంగాళం దాకా

అమ్మానాన్నలు ఇద్దరూ పోయాక ఊళ్లో ఇల్లు మిగులుతుంది. నలభై ఏళ్ల సంసారం అందులో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. పిల్లల్లో ఒకరు హైదరాబాదులో, ఒకరు బెంగళూరులో, ఒకరు అమెరికాలో ఉంటారు, దొరికేది రెండు వారాల సెలవు. కర్మకాండ, బంధువులు, బ్యాంకు అన్నీ అయ్యేసరికి చివరి రెండు రోజులు మిగులుతాయి, ఇక ఏం చేయాలో తోచక పాత సామాన్లవాణ్ణి పిలిచి గంపగుత్తగా ఇచ్చేసి విమానం ఎక్కేస్తారు. తర్వాత మొదలవుతాయి ఇబ్బందులు. స్థలం అమ్మబోతే లింకు డాక్యుమెంటు (ఆస్తి అంతకుముందు ఎవరి నుంచి వచ్చిందో చూపే పాత దస్తావేజు) దొరకదు, పండక్కి ఫోన్ చేసిన చెల్లెలు "అమ్మ కంచు గిన్నెలు ఏం చేశారు" అని అడిగితే జవాబు ఉండదు, ఆ ఒక్క మాటతో రాకపోకలు ఆగిపోయిన ఇళ్లు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి.

కాబట్టి ఈ పని మొత్తానికి ఒకటే నియమం పెట్టుకోండి: వారసులందరికీ తెలియకుండా ఏ వస్తువూ గడప దాటకూడదు. కింద చెప్పేవన్నీ ఈ నియమాన్ని ఎలా పాటించాలన్నదే.

పన్నెండు రోజుల్లో ఏం చేయాలి, ఏం చేయకూడదు

పెద్దకర్మ అయ్యేదాకా ఏదీ సర్దకండి, పంచకండి. ఇంటి నిండా జనం ఉంటారు, ఎవరు ఏ గదిలోకి వెళ్తున్నారో తెలియదు, ఎవరి మనసూ స్థిమితంగా ఉండదు. కానీ కొన్ని పనులు ఆ రోజుల్లోనే చేయాలి. బీరువాకి తాళం వేసి, ఆ తాళంచెవి అందరూ నమ్మే ఒకరి దగ్గర ఉంచి, ఆ సంగతి అందరికీ చెప్పండి. ఇంట్లో ప్రతి గదినీ, ప్రతి అరనీ తలుపులు తెరిచి ఫోన్లో వీడియో తీసి తోబుట్టువుల వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఇది అనుమానంతో చేసే పని కాదు, రేపు ఎవరికీ అనుమానం రాకుండా చేసే పని.

మరణ నమోదు 21 రోజుల్లోపు జరగాలి. ఆసుపత్రిలో పోతే వాళ్లే సమాచారం పంపిస్తారు, ఇంట్లో పోతే పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో మీరే చెప్పాలి. ఆ గడువు దాటితే ఆలస్య రుసుము, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా వెళ్తుంది. డెత్ సర్టిఫికెట్ కాపీలు ఐదారు తీసుకోండి, అడగని ఆఫీసు ఉండదు. దాంతోపాటే తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి మీసేవలోనో సచివాలయంలోనో దరఖాస్తు పెట్టేయండి. అందరూ ఊళ్లో ఉన్నప్పుడే ఆధార్ కాపీలు, సంతకాలు తేలిగ్గా దొరుకుతాయి.

కొన్ని ఇళ్లల్లో ధనిష్ఠా పంచకంలో (చావుకి మంచివి కావని నమ్మే ఐదు నక్షత్రాల రోజుల్లో) పోయారని ఇంటికి మూడు నెలలో ఆరు నెలలో తాళం వేస్తారు. ఆ నమ్మకం మీ ఇంట్లో ఉంటే పాటించండి, దాని మీద వాదనలు పెట్టుకునే సమయం కాదిది. కాకపోతే తాళం వేసేముందు కాగితాలు, నగలు, నగదు బయటికి తీసి భద్రమైన చోట పెట్టాలి. ఫ్రిజ్ ఖాళీ చేసి తలుపు కొంచెం తెరిచి ఉంచాలి, బియ్యం పప్పులు ఎవరికైనా ఇచ్చేయాలి, గ్యాస్ సిలిండర్‌కి రెగ్యులేటర్ తీసేయాలి, మెయిన్ స్విచ్ ఆపాలి. ఆరు నెలల తర్వాత తలుపు తీసినప్పుడు తేళ్లు, జెర్రులు, పాములు ఉండొచ్చు, అటక మీదకి వట్టి చేతులు పెట్టకండి.

ముందు కాగితాలు, మిగతావన్నీ తర్వాతే

మన పెద్దవాళ్లు కాగితాలన్నీ ఒక్క ఫైలులో పెట్టి పోరు. ట్రంకు పెట్టె అడుగున, పరుపు కింద, దేవుడి పటం వెనక, పంచాంగం పేజీల మధ్య, చీర మడతల్లో, మందుల చీటీలు పెట్టుకునే ప్లాస్టిక్ కవర్లో, ఎక్కడైనా ఉంటాయి. పాత ఇనప బీరువాల్లో లాకరు లోపల ఇంకో రహస్యపు అర ఉంటుంది, దాన్ని వెతకండి. ప్రతి పుస్తకాన్నీ వెన్ను పట్టుకుని తిరగేసి దులపండి. ఇది అయ్యేదాకా ఒక్క పాత పేపరు కట్ట కూడా బయటికి పంపకండి.

దొరికినవన్నీ ఒక చాప మీద పరిచి విడదీయండి. మొదటి కుప్పలో ఇంటి, పొలం దస్తావేజులు: రిజిస్టర్డ్ ఒరిజినల్, దానికి ముందువైన లింకు డాక్యుమెంట్లు, పట్టాదారు పాసుపుస్తకం, ఇంటిపన్ను రసీదులు, ప్లాను. ఒరిజినల్ కనపడకపోతే కంగారు పడకండి, అది ఏ బ్యాంకులోనో తాకట్టులో ఉండొచ్చు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ దొరుకుతుంది, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తే ఆస్తి మీద అప్పు ఉందేమో కొంతవరకు తెలుస్తుంది. వీలునామా దొరికితే అది రిజిస్టర్ కాలేదని చించేయకండి. వీలునామాకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షుల సంతకాలు ముఖ్యం.

రెండో కుప్పలో డబ్బు కాగితాలు: బ్యాంకు, పోస్టాఫీసు పాసుపుస్తకాలు, ఎఫ్‌డీ రసీదులు, ఎల్ఐసీ బాండ్లు, కాగితం రూపంలో ఉన్న పాత షేర్ సర్టిఫికెట్లు, చిట్టీ పాసుబుక్కు. బంగారం తాకట్టు రసీదులు కూడా ఇక్కడే. వీటిని చాలామంది పట్టించుకోరు. అమ్మ గొలుసు ఎక్కడా కనపడక ఒకరినొకరు అనుమానించుకుంటూ ఉంటారు, తీరా అది వ్యవసాయ రుణం కింద బ్యాంకులో ఉంటుంది. గడువు దాటితే బ్యాంకు వేలం వేసేస్తుంది, అందుకే రసీదు కనపడగానే వెళ్లి మాట్లాడండి. పదేళ్లు కదలని ఖాతాల డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తుంది కానీ వారసులు ఎప్పుడైనా అడిగి తీసుకోవచ్చు. అలాంటివి వెతకడానికి రిజర్వు బ్యాంకు 2023లో ఉద్గమ్ అనే పోర్టల్ పెట్టింది.

మూడోది ప్రోనోట్లు. నాన్న ఎవరికో అప్పిచ్చి ఉంటారు, ఎవరి దగ్గరో తెచ్చి ఉంటారు. మామూలు ప్రోనోటుకి కాలపరిమితి మూడేళ్లు, మధ్యలో వడ్డీ కట్టి వెనక రాసి సంతకం పెట్టి ఉంటే అక్కడినుంచి మళ్లీ లెక్క. తేదీలు చూసుకుని గడువు దగ్గరపడిన వాటిని ముందు పట్టించుకోండి.

ఇంకో రెండు మాటలు. పోయినవాళ్ల ఏటీఎం కార్డుతో డబ్బు తీయకండి, పిన్ను మీకు తెలిసినా సరే. పింఛను పడే ఖాతా అయితే మరీ ప్రమాదం, చనిపోయిన తర్వాత పడిన పింఛను తిరిగి కట్టాల్సి వస్తుంది. వాళ్ల సిమ్ కార్డుని మాత్రం వెంటనే ఆపేయకుండా రీచార్జ్ చేసి కొన్నాళ్లు ఉంచండి. గ్యాస్, కరెంటు, బీమా మెసేజులన్నీ ఆ నంబరుకే వస్తాయి, ఏయే ఖాతాలున్నాయో వాటిని బట్టే తెలుస్తుంది.

బంగారం, వెండి, నగదు

ఈ పని పగటిపూట, అందరూ కూర్చుని ఉండగా, ఒకే రోజు చేయండి. రాలేనివాళ్లు వీడియో కాల్లో ఉండాలి. ఒక్కో వస్తువునీ తూచి, ఫోటో తీసి, నోటుబుక్కులో రాసి, చివర్లో అందరూ సంతకం పెట్టండి. కోడళ్లు, అల్లుళ్లు ఉండాలా వద్దా అనేది ముందే తేల్చుకోండి. నా అభిప్రాయం అడిగితే ఆ పూట తోబుట్టువులే కూర్చుంటే మంచిది.

అమ్మ నగలు కూతుళ్లవే అనేది మన దగ్గర చాలా ఇళ్లలో ఉన్న ఆచారం. చట్టం అలా చెప్పదు. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం వీలునామా లేకుండా తల్లి పోతే కొడుకులు, కూతుళ్లు, భర్త బతికుంటే ఆయన, అందరికీ సమాన వాటా. తండ్రి పోతే భార్య, కొడుకులు, కూతుళ్లు, ఆయన తల్లి ఉంటే ఆవిడ. ముందే చనిపోయిన బిడ్డ ఉంటే ఆ బిడ్డ పిల్లలకి వాటా ఉంటుంది, దీన్ని మర్చిపోతే తర్వాత కోర్టు గుర్తుచేస్తుంది. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకి వేరే నియమాలున్నాయి. నగలు అక్కచెల్లెళ్లకి ఇవ్వాలని అన్నదమ్ములు మనస్ఫూర్తిగా అనుకుంటే అంతకంటే మంచిది లేదు, కాకపోతే అది అందరూ కూర్చుని అనుకున్న మాట కావాలి, ఎవరో ఒకరు ముందే తీసేసుకున్న పని కాకూడదు. అలాగే ఆడపిల్లలకి ఇంట్లో వాటా లేదనుకునే పెద్దలు ఇంకా ఉన్నారు. 2005 సవరణ తర్వాత ఉమ్మడి ఆస్తిలోనూ కూతురికి కొడుకుతో సమానంగా హక్కుంది, తండ్రి 2005కి ముందే పోయినా ఆ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

పాత నగలకి హాల్‌మార్క్ ఉండదు. పంచుకునే ముందు హాల్‌మార్కింగ్ కేంద్రంలో స్వచ్ఛత పరీక్ష చేయించండి, ఖర్చు తక్కువే. బరువు ఒకటే అయినా ఒకటి 22 క్యారెట్లు, ఇంకోటి 18 ఉంటే సమానమనుకున్న పంపకం సమానం కాదు. రాళ్లు, లక్క ఉన్న నగలకి ఈ జాగ్రత్త మరీ అవసరం.

బ్యాంకు లాకరు ఉంటే, నామినీ అయినా మరొకరైనా దాన్ని తెరిచేటప్పుడు బ్యాంకు అధికారి, స్వతంత్ర సాక్షుల ముందు జాబితా రాస్తారు. నామినీగా పేరున్నంత మాత్రాన లోపలున్నదంతా ఆ ఒక్కరిదే అయిపోదు, వారసుల తరఫున తీసుకుంటున్నారంతే. ఈ ఒక్క విషయం తెలియక ఎన్నో తగాదాలు వస్తాయి.

పోపుల డబ్బాలో, బియ్యం డ్రమ్ములో, దిండు గలీబులో నోట్లు దొరకడం మామూలే. 2016లో రద్దయిన పాత 500, 1000 నోట్లు దొరికితే ఇప్పుడు వాటిని మార్చే దారి లేదు, పైగా పదికి మించి దగ్గర పెట్టుకోవడం 2017 చట్టం ప్రకారం జరిమానా పడే నేరం, మారుస్తామని చెప్పే మధ్యవర్తుల దగ్గరికి అసలు పోకండి. 2000 నోట్లు వేరు. వాటిని 2023లో ఉపసంహరించినా చెల్లుబాటు పోలేదు, రిజర్వు బ్యాంకు ఇష్యూ ఆఫీసుల ద్వారా మార్చుకునే వీలు పెట్టారు. వాటిలో ఒకటి హైదరాబాదులోనే ఉంది, పోస్టు ద్వారా పంపి ఖాతాలో వేయించుకోవచ్చు.

ఎవరికి ఏది కావాలో ఎలా తేల్చాలి

డబ్బు విలువ లేని వస్తువుల దగ్గరే ఎక్కువ బాధలు వస్తాయి. నాన్న పడక కుర్చీ, అమ్మ కవ్వం, తాతగారి చేతికర్ర. నేను చూసినంతలో బాగా పనిచేసే పద్ధతి ఇది: ఒక గదిలోని వస్తువులన్నిటికీ నంబరు చీటీలు అంటించి ఫోటోలు గ్రూపులో పెట్టండి. ప్రతివాళ్లూ తమకి కావలసినవి విడిగా రాయాలి. ఒక్కరే అడిగిన వస్తువు వాళ్లదే. ఇద్దరు ముగ్గురు అడిగిన వాటికి వంతులు: మొదటి వంతు ఎవరిదో చీటీ వేసి, తర్వాతి రౌండులో వరస తిరగేయాలి. వేరే ఊళ్లో ఉన్నవాళ్లకి జవాబు చెప్పడానికి కనీసం రెండు రోజులు ఇవ్వండి, అమెరికాలో అప్పుడు అర్ధరాత్రి అవుతుంది.

పోయినవాళ్లని చివరిదాకా చూసుకున్నవాళ్లని ముందు అడగండి. అది చిన్నకోడలు కావచ్చు, ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి కావచ్చు. ఆవిడకి రావలసిన జీతం బాకీ ముందు తీర్చండి, ఆ తర్వాత "మీకేమైనా కావాలా" అని అడిగి, మంచి వస్తువు ఇవ్వండి. కాలు విరిగిన స్టూలు, చిల్లు పడిన బకెట్టు ఇచ్చి దానం చేశామనుకోవడం తప్పు.

వంటిల్లు, అటక

అటక దించడానికి ఒక మనిషిని కూలికి పెట్టుకోండి, బరువైన ఇత్తడి గుండిగలు, గంగాళాలు ఎత్తడం మన నడుములకి అలవాటు లేని పని. దించినవాటిని లోహం బట్టి విడదీయాలి. రాగికి ఇత్తడి కంటే ఎక్కువ ధర, కంచుకీ ఇత్తడి కంటే ఎక్కువే, కానీ మసిపట్టి ఉన్నప్పుడు అన్నీ ఒకేలా కనిపిస్తాయి, కొనేవాడు అన్నిటికీ ఇత్తడి ధరే కడతాడు. కొంచెం చింతపండు పెట్టి తోమితే రంగు తెలుస్తుంది: రాగి ఎర్రగా, ఇత్తడి పసుపుగా ఉంటాయి, కంచుని కర్రతో కొడితే చాలాసేపు మోగుతుంది. వెండిలా మెరిసే పళ్లాల్లో జర్మన్ సిల్వర్ కూడా ఉంటుంది, దాంట్లో వెండి ఏమీ ఉండదు. పేర్లు చెక్కిన గిన్నెలు పక్కన పెట్టండి. అమ్మమ్మ పెళ్లికి సారెగా వచ్చిన బిందె మీద ఆవిడ పుట్టింటివాళ్ల పేరు ఉంటుంది, దాన్ని కరిగించడానికి ఇవ్వబుద్ధి కాదు.

పాత ఇత్తడి పాత్రలో వండుకోవాలనుకుంటే ముందు లోపల కళాయి (తగరం పూత) వేయించండి, ముఖ్యంగా చారు, పులుసు లాంటి పులుపు వంటలకి.

రోలు, తిరగలి, సన్నికల్లు ఎవరికీ అక్కర్లేదనిపిస్తుంది, మోయడం కష్టం. ఊళ్లో అడిగి చూడండి, వాడేవాళ్లు ఇంకా ఉన్నారు. ఊరగాయ జాడీలు పగలకుండా చీరల మధ్య చుట్టి పంపొచ్చు. ఆవకాయ ఏ ఏటిదో, ఎవరు పెట్టిందో కనుక్కుని బాగుంటే తినేయండి. అమ్మ చేతి ఊరగాయ పారబోయకండి.

బట్టలు, చీరలు

పోయినప్పుడు ఒంటి మీదున్న బట్టలు, పక్కబట్టలు ఆచారం ప్రకారం పంపించేస్తారు. మిగతావాటిలో ఉతికి, మడిచి, కట్టుకోగలిగినవే వృద్ధాశ్రమానికైనా, వాడిన బట్టలు సేకరించి పంచే గూంజ్ లాంటి సంస్థకైనా ఇవ్వండి. వెళ్లేముందు ఫోన్ చేసి వాళ్లకి ఏం కావాలో అడగాలి. చాలా ఆశ్రమాలకి చీరల కంటే దుప్పట్లు, నైటీలు, పెద్దవాళ్ల డైపర్లు అవసరం. చిరిగిన నేత చీరలు బొంతలకి పనికొస్తాయి.

"పాత పట్టుచీరలు కొంటాం" అని వీధిలో తిరిగేవాళ్లు జరీ కోసం వస్తారు. పాత కంచి, గద్వాల, ఉప్పాడ, వెంకటగిరి చీరల్లో అసలు వెండి జరీ ఉండే అవకాశం ఎక్కువ, వాడు చెప్పే మొదటి ధరకి ఇవ్వకండి. నన్నడిగితే అసలు అమ్మకండి, మనవరాలికి లంగా కుట్టించండి, లేదా అంచు తీసి వేరే చీరకి వేయించండి.

దేవుడి గది

ఇక్కడ తొందర వద్దు. సాలగ్రామం ఉందేమో చూడండి, దానికి నిత్యపూజ చేయాలంటారు, చేయగలిగేవాళ్లు కుటుంబంలో ఉంటే వాళ్లకి, లేకపోతే గుడి అర్చకుణ్ణి ముందుగా అడిగి అక్కడికి. విగ్రహాలు తోబుట్టువులు తలా ఒకటి తీసుకుంటే చాలావరకు సరిపోతాయి. మిగిలిన పటాలని రావిచెట్టు కింద వదిలేయడం నాకు నచ్చదు, అవి అక్కడే వానకి తడుస్తూ అద్దాలు పగిలి పడి ఉంటాయి. చట్రం, అద్దం విడదీసి, కాగితం ఏం చేయాలో మీ పురోహితుణ్ణి అడగండి.

పుస్తకాలు, ఉత్తరాలు, ఫోటోలు

కిలోల లెక్కన తూచి ఇచ్చేముందు ఒకసారి చూడండి. స్వాతంత్ర్యానికి ముందు అచ్చయిన పుస్తకాలు, భారతి సాహిత్య పత్రిక సంచికలు, పాత చందమామలు ఉంటే వేటపాలెం సారస్వత నికేతనం (1918), రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం (1901) లాంటి చోట్ల ముందుగా జాబితా పంపి అడగొచ్చు. అమ్మదలచుకుంటే విజయవాడ లెనిన్ సెంటరు, హైదరాబాదు ఆబిడ్స్‌లో పాత పుస్తకాలవాళ్లున్నారు. తాటాకు ప్రతులు దొరికితే నూనె రాయడం, ఎండలో పెట్టడం లాంటివి చేయకుండా, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ ఓరియంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లోనో హైదరాబాదులోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలోనో చూపించండి. 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన శిల్పాలు, చిత్రాల్లాంటివి, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులు పురావస్తువులే, వాటిని సూట్‌కేసులో పెట్టుకుని విదేశాలకి తీసుకెళ్లకూడదు.

ఫోటోలు పంచేముందు అన్నీ స్కాన్ చేయండి. అంతకంటే తొందరగా చేయాల్సింది, బతికున్న పెద్దమ్మనో మేనత్తనో కూర్చోబెట్టి ఎవరు ఎవరో వెనక పెన్సిలుతో రాయించడం. ఉత్తరాలు, డైరీలు అందరూ చదవాలని రాసినవి కావు. ఎవరు చదవాలో, అసలు చదవాలో వద్దో అందరూ అనుకున్నాకే తెరవండి.

మందులు, బ్యాటరీలు, పురుగుమందు

సగం వాడిన మందుల్ని పిల్లలకి, పశువులకి అందని చోట పెట్టండి, కాలువలో పోయకండి. క్యాన్సర్ నొప్పికి ఇచ్చిన మార్ఫిన్ లాంటివి రాసిచ్చిన ఆసుపత్రికే తిరిగి ఇవ్వండి. ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్, మంచం అద్దెకి తెచ్చినవేమో చూసి డిపాజిట్ వెనక్కి తీసుకోండి. పాదరసం ఉన్న బీపీ మిషను, థర్మామీటరు పగలనివ్వకండి. ఇన్వర్టర్ బ్యాటరీ పాత సామాన్లకి కాకుండా బ్యాటరీ షాపులో ఇవ్వండి, మారకం ధర వస్తుంది. రైతు ఇల్లయితే గొడ్ల చావిడి, అటక, బాత్రూం గూడు అన్నీ చూసి పురుగుమందు డబ్బాలని ముందు వేరు చేయాలి. పేరు చెరిగిపోయిన సీసాని మూత తీసి వాసన చూడకండి. ఫోన్, కంప్యూటర్ డేటా తీసుకుని తుడిచేశాకే ఎవరికైనా.

బేరం

ఇక్కడిదాకా వచ్చాకే పాత సామాన్లవాణ్ణి పిలవాలి. ఒక్కణ్ణి కాదు, ఇద్దరు ముగ్గుర్ని, వేర్వేరు పూటల్లో. "మొత్తం ఇంతకి తీసుకెళ్తా" అంటే ఒప్పుకోకండి, ఇనుము, ఇత్తడి, కాగితం, ప్లాస్టిక్ విడివిడిగా ధర చెప్పించండి. కొక్కెం ఉన్న చిన్న డిజిటల్ తూకం ఒకటి కొనుక్కుని ముందే తూచి రాసుకుంటే మంచిది. టేకు బీరువా, పందిరి మంచం, పాత తలుపులు, దూలాలు ఇతనికి ఇవ్వకూడదు, పాత కలప కొనే అడితీవాళ్లకి చూపించండి. ఇల్లు పడగొట్టించే ఆలోచన ఉంటే ద్వారబంధాలు, కిటికీలు కాంట్రాక్టులో ఎవరివో రాయించుకోవాలి, లేకపోతే కూల్చేవాడివే అయిపోతాయి. వచ్చిన డబ్బు ఎంతైనా నోటుబుక్కులో రాసి ఉమ్మడి ఖర్చులకి వాడండి.

తాళం వేసే ముందు

గ్యాస్ కనెక్షన్ కుటుంబంలో ఎవరి పేరుకైనా మార్చుకోవచ్చు, వద్దనుకుంటే సిలిండర్, రెగ్యులేటర్ ఇచ్చి డిపాజిట్ వెనక్కి తీసుకోవచ్చు. కరెంటు మీటరు, నల్లా, ఇంటిపన్ను పేర్లు మార్చడానికి ఇంటి హక్కు ఎవరిదో ముందు తేలాలి. ఒకరికి వదిలేయాలనుకుంటే హక్కు విడుదల దస్తావేజు, పంచుకుంటే భాగపరిష్కారం, రెండిట్లో ఏదైనా రిజిస్టర్ చేయించాలి, నోటి మాట చాలదు. విదేశంలో ఉన్నవాళ్లు రాలేకపోతే అక్కడి భారత కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ ధ్రువీకరించి పంపొచ్చు, అది ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలని గుర్తుంచుకోండి. ఓటరు జాబితా నుంచి పేరు తీయడానికి ఫారం 7, రేషన్ కార్డులో మార్పు, పాన్ రద్దు ఇవన్నీ తర్వాత నెమ్మదిగా చేసుకోవచ్చు, పాన్ మాత్రం చివరి ఐటీ రిటర్ను వేశాకే.

తాళంచెవి ఒకటి పక్కింటివాళ్ల దగ్గర ఉంచి, కరెంటు బిల్లు, ఇంటిపన్ను ఎవరు కట్టాలో, రెండు నెలలకోసారి తలుపులు తీసి గాలి ఆడేలా ఎవరు చూడాలో పేరుపేరునా అనుకుని, ఆ సంగతి కూడా నోటుబుక్కు చివరి పేజీలో రాసి ఫోటో తీసి గ్రూపులో పెట్టండి.